మన ఊరు దీవి కాదు
(ఎర్రమంచి పరిసర గ్రామముల పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



నేను మాటలాడుటకు లేచు ముందు మీలో ఒక పెద్దమనిషి నన్నొక ప్రశ్న అడిగినారు. "కరోనా దినములలో మా ఇంటిల్లిపాది తలుపులు మూసికొని కూర్చుంటిమి. ఎదురింటివారు మాస్కు లేకుండ పెండ్లిండ్లకు, సంతలకు తిరిగిరి. జబ్బు మాత్రము మా ఇంటికే వచ్చినది. జాగ్రత్తపడి మేము సాధించినదేమి?" ఈ ప్రశ్నలో కోపమున్నది, దుఃఖమును ఉన్నది. దీనికి జవాబు చెప్పకుండ ఆరోగ్య సూత్రములు వల్లించి పోవుట నాకు న్యాయముగ తోచలేదు.

జరిగిన దానిని ఒకమారు జ్ఞప్తికి తెచ్చుకొందము. మన రాష్ట్రమున మొదటి కేసు 2020 మార్చి 12న నెల్లూరులో బయటపడినది. మార్చి 25 నుండి దేశమంతట లాక్‌డౌన్ అమలు జరిగినది. ఏప్రిల్ నాటికి అప్పటి అనంతపురము జిల్లాలో కేసులు ఎక్కువగ బయటపడిన పట్టణములలో మన హిందూపురము ఒకటి అయినది. ధర్మవరములో మగ్గములు ఆగినవి. మొదటి తాకిడి తగ్గినదని అందరము ఊపిరి పీల్చుకొంటిమి. 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు జరిగినవి. రెండు నెలలు తిరుగకమునుపే రెండవ తాకిడి వచ్చినది. 2021 మే 16న ఒక్క దినముననే రాష్ట్రములో 24 వేలకు మించిన కొత్త కేసులు నమోదైనవి. తగ్గినదనుకొన్న దినములలోనే మన జాగ్రత్త సడలినది. ఆ సడలింపునకు మనము మిక్కిలి ఎక్కువ వెల చెల్లించితిమి.

1918లో ప్రపంచమంతట ఇన్‌ఫ్లుయెంజా జ్వరము ప్రబలి మన దేశములోనే కోటిమందికి పైగ మరణించిరి. ఆ సంవత్సరము నవంబరులో పసిఫిక్ మహాసముద్రమందలి పశ్చిమ సమోవా దీవులకు ఒక ఓడ వచ్చినది. అందు జ్వరపీడితులున్నను ప్రయాణికులను దిగనిచ్చిరి. కొద్ది వారములలో ఆ దీవుల జనాభాలో ఇంచుమించు ఐదవ వంతు నశించినది. సమీపముననే యున్న అమెరికన్ సమోవాలో వచ్చిన ఓడలను నిలిపి, ప్రయాణికులను వేరుగ ఉంచిరి. అచట ఆ జ్వరముతో ఒక్కరును మరణింపలేదు. రెండు చోట్లను ఉన్నది ఒకే జాతి ప్రజలు. గాలియు నీరును ఒక్కటే. భేదమంతయు జాగ్రత్తలోనే ఉన్నది.

అయితే దీవికి రేవు మూసిన చాలును. మన ఎర్రమంచికి రేవు లేదు. బెంగుళూరునుండి హైదరాబాదు పోవు జాతీయ రహదారి మన ప్రక్కనే పోవుచున్నది. 2019లో కార్ల ఉత్పత్తి ప్రారంభమైన కర్మాగారము మన పొలిమేరలోనే కలదు. పెనుకొండ, హిందూపురము, ధర్మవరముల నుండి నిత్యము జనులు వచ్చిపోవుచుందురు. ఇది మనకు జీవనోపాధి, దీనిని నిందింపరాదు. బాట మూయలేని ఊరికి నడవడియే గోడ. ఆ గోడను ఒక్క ఇంటివారు కట్టలేరు.

ఇచట నా తప్పు ఒకటి చెప్పుకొనవలసియున్నది. 2021 ఏప్రిల్‌లో నేను పగలంతయు జీపులో మైకు పట్టుకొని "మాస్కు ధరింపుడు, గుంపులు కూడకుడు" అని గ్రామగ్రామమున చాటితిని. ఆ సాయంకాలమే బంధువుల ఇంట నిశ్చితార్థమునకు పోయితిని. అందరును మనవారే గదా యని మాస్కు తీసి జేబులో పెట్టుకొని పంక్తిలో కూర్చుంటిని. రెండు దినములకే నాకు జ్వరము వచ్చినది. నా ప్రక్కన కూర్చున్న మా మేనమామ మరి నాలుగు దినములకు జబ్బుపడి, రెండు వారములు ఆస్పత్రిలో ఆక్సిజన్‌పై ఉండి బ్రతికినాడు. ఈ జబ్బు లక్షణములు కనబడుటకు రెండు దినములు ముందే ఇతరులకు సోకగలదు. ఆయనకు నా వలననే సోకినదో, కాదో ఎవరును చెప్పజాలరు. ఆ సందేహమే నన్ను నేటికిని బాధించుచున్నది.

కావున అజాగ్రత్తపరులనగా దుష్టులని తలపకుడు. వారిలో మూడు తెగలవారు కలరు. తెలియనివారు కొందరు, వారికి ఓపికతో చెప్పవలెను. తెలిసియు గడవనివారు కొందరు. దినకూలి మానిన పొయ్యి వెలుగని ఇంటివానికి గడప దాటవద్దనుట తేలిక. వాని ఇంటికి బియ్యము, పాలు, మందులు చేర్చిన తరువాతనే ఆ మాటకు విలువ. తెలిసియు, గడచియు, లెక్కచేయనివారు కొందరు. వారికి నియమము ఒక్కటే మందు. ఆ నియమము సర్పంచి గారి ఇంటి పెండ్లికిని, కూలివాని ఇంటి పెండ్లికిని సమానముగ నుండవలెను.

మరల ఏ అంటువ్యాధి వచ్చినను పంచాయతీ చేయదగిన పనులు కొన్ని కలవు. ఊరిలోని వృద్ధుల, మధుమేహము, ఉబ్బసము గలవారి పట్టిక ముందే సిద్ధముగ నుండవలెను. జబ్బుపడిన వారి ఇంటికి సరకులు చేర్చు బాధ్యతను వీధికొక సభ్యుడు వహింపవలెను. ఇరుకు ఇండ్లవారి కొరకు గాలి వెలుతురు గల ఒక భవనమును కేటాయింపవలెను. శుభకార్యములు చేయువారితో లగ్నపత్రికలు పంచక ముందే మాటలాడవలెను. పందిరి వేసిన పిదప చెప్పిన ఎవరు విందురు? ఆశా కార్యకర్త, ఆరోగ్య కార్యకర్తల సలహాతో టీకాలు అందరికిని అందునట్లు చూడవలెను. అన్నిటికి మించి, రోగిని వెలివేయుట మానవలెను. వెలివేతకు భయపడి జబ్బు దాచువాడు ఊరికంతకును ప్రమాదము తెచ్చును.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రకటించినది. వ్యాధి మాత్రము లోకము విడిచిపోలేదు. ఊరిలో జబ్బు లేని నాడే ఈ ఏర్పాట్లు చేసికొనుట వివేకము.

ఇక ఆ పెద్దమనిషికి నా జవాబు. అయ్యా! మీ జాగ్రత్త వ్యర్థము కాలేదు. మీ ఇంటికి వచ్చిన జబ్బు మీ గడప దాటి మరియొక ఇంటికి పోకుండ మీరు ఆపితిరి. ఏ ముసలివారు, ఏ పసిబిడ్డ మీ వలన బ్రతికిరో వారికే తెలియదు. కనుక మీకు కృతజ్ఞత చెప్పినవారు లేరు. ఆ కృతజ్ఞతను ఈ సభాముఖమున నేను చెప్పుచున్నాను. మీ కోపమును ఎదురింటివారిపై పెట్టక, పంచాయతీ తీర్మానముగ మార్చుడు. మరియొక పర్యాయము మీరు ఒంటరిగ జాగ్రత్తపడవలసిన అవసరము రాకుండుగాక!