అభ్యాసయంత్రములు - మన యువకులు
(వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)



విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. సంస్కృతము చదివి, బడిపంతులుగా కాలము గడపి, విశ్రాంతి నొందిన మేము కంప్యూటరును గూర్చి ప్రసంగింప బూనుట కొందఱకు నవ్వు పుట్టింపవచ్చును. అయినను నేడు మన యిండ్లలో పెద్దలకును పిల్లలకును నిత్యకలహము దెచ్చుచున్న వస్తువు అదియే కావున దానినే యెత్తుకొనుచున్నాము.

మా మనుమడు బల్లకు చిన్న స్టీరింగు చక్రమును బిగించి, కాలిక్రింద పెడళ్లు పెట్టుకొని, కంప్యూటరు తెరపై గంటలకొలది లారీ నడుపుచుండెను. ప్రొద్దు వృథాపుచ్చుచున్నాడని మేము మందలించి, యొకనాడు తీగ యూడబెఱికితిమి. వాడు కోపింపక, "తాతయ్యా, ఇది వట్టి యాట కాదు, నేర్చుకొనుచున్నాను" అనెను. ఆ మాట మమ్ము పూర్వము చదివిన గ్రంథములవైపు మరల్చినది.

సుశ్రుతసంహిత సూత్రస్థానమున తొమ్మిదవ యధ్యాయము యోగ్యాసూత్రీయము. శస్త్రవిద్య నేర్చు శిష్యుడు రోగిపై చేయి వేయుటకు ముందు గుమ్మడి, సొర, దోస మొదలగు కాయలపై కోతను, తామరతూండ్లపై వేధనమును, బట్టపైనను మెత్తని తోలుపైనను కుట్టును, మనుష్యాకృతిగా చేసిన బొమ్మపై కట్టు కట్టుటను అభ్యసింపవలెనని యందు విధింపబడినది. శాస్త్రమెంత చదివినను ఈ యోగ్య చేయనివాడు కర్మకు అర్హుడు కాడని ఆచార్యుని నిర్ణయము. శిష్యుని పొరపాటు రోగికి తగులక సొరకాయకు తగులుటయే యిందలి మర్మము. నేడు సిమ్యులేటరు అనుదాని మర్మమును అదియే.

అమెరికాదేశమున ఎడ్విన్ లింక్ అనునాతడు 1929 ప్రాంతమున ఇట్టి విమానయంత్రమును నిర్మించెను. అతని తండ్రికి వాద్యములు చేయు కర్మాగారము గలదు. ఆ వాద్యముల గాలితిత్తులనే యుపయోగించి, నేలపైననే యొఱగుచు తిరుగు కొయ్యవిమానమును కల్పించెను. 1934లో తపాలా మోయుచు సైనిక వైమానికులు పలువురు మరణించిన పిదప ఆ దేశపు సైన్యము ఆ యంత్రములను కొనెను. మన హైదరాబాదు నందును ఇండియన్ ఎయిర్‌లైన్సువారి శిక్షణసంస్థలో వైమానికులు సిమ్యులేటరులపై అభ్యసించిరి. 1993లో ఆ నగరముననే స్థాపింపబడిన జెన్ టెక్నాలజీస్ సైనికులకును డ్రైవర్లకును ఇట్టి యంత్రములను చేయుచున్నది. 2021 జూలై 1 నుండి అమలైన కేంద్రనిబంధనల ప్రకారము, గుర్తింపు పొందిన డ్రైవరు శిక్షణకేంద్రమున సిమ్యులేటరు తప్పక యుండవలయును. భారీవాహన శిక్షణకు ఆఱువారములలో 38 గంటలు నిర్ణయింపబడినవి.

ఇంటి యంత్రము వీనితో సమానమా? కాదు. అయినను నిరుపయోగమును కాదు. బ్రిటను దేశపు యువకుడు జాన్ మార్డెన్‌బరో 2011లో ఇంటియాటలో నెగ్గి, నిజమైన పందెపుకార్లు నడుపువాడయ్యెను. కాని యాటనుండి తిన్నగా పందెమునకు పోలేదు. నడుమ నిజమైన కారుపై శిక్షణ గలదు.

మా యనుభవమును వినుడు. మా మేనల్లుడు పాతికేండ్లుగా తాండూరు నాపరాళ్ల లారీ నడుపువాడు. అతడు ప్రక్కన గూర్చుండి మనుమనికి కారు నేర్పుచుండ, మేము వెనుక గూర్చుంటిమి. అద్దములు చూచుట, సంకేతమిచ్చుట, గేరు మార్చుట వానికి చెప్పనక్కఱ లేకపోయినది. మేనల్లుడే యాశ్చర్యపడెను. అనంతగిరి దిగుడులో మేకలమంద యడ్డువచ్చినది. వాడు చక్రమును సరిగనే త్రిప్పెను గాని, బండి బరువును, వాలును దేహమెఱుగకపోవుటచే బ్రేకు ఆలస్యముగా త్రొక్కెను. కడపటి మేకకు జానెడు దూరమున కారు నిలిచినది. వాడు వణకుచు, "తాతయ్యా, అక్కడనైతే మరల మొదలుపెట్టెడివాడను" అనెను.

సోదరులారా, కన్నును, చేతిని, క్రమమును యంత్రము నేర్పును. బరువును, భయమును, బాధ్యతను నేర్పదు. తెరపై చచ్చినవారు మరల లేతురు. బాటపై లేవరు. 2025 నవంబరు 3న చేవెళ్ల సమీపమున మీర్జాగూడ కడ తాండూరునుండి పోవుచున్న బస్సును కంకరటిప్పరు గ్రుద్దుకొనినప్పుడు పందొమ్మిదిమంది యసువులు బాసిరి. తప్పెవ్వరిదో నిర్ణయించుట మా పని కాదు. కాని చక్రము పట్టబోవు మన బిడ్డలు చాలినంత యభ్యాసము లేక బాటకు రాకుండ జూచుట మన పని.

కావున మా మనవి యిది. మన సంఘ విద్యార్థివసతిగృహమున చక్రములు, పెడళ్లు గల కంప్యూటరులు రెండు నెలకొల్పుడు. దినమునకు ఒక్కొక్కనికి ఒక గంట చాలును. మన కులమున అనుభవము గల లారీడ్రైవర్లు వంతులవారీగా ప్రక్కన గూర్చుండవలయును. తెరపై జరిగిన ప్రతి ప్రమాదమును నిజముగా జరిగినదే యన్నట్లు, కారణముతో గూడ పుస్తకమున వ్రాయింపుడు. పిదపనే లైసెన్సు గల గురువు నొద్ద నిజమైన బండి.

ఆ తీగను మేము మరల తగిలించితిమి. ఇప్పుడు వాని ప్రక్కన మా మేనల్లుడు గూర్చుండును, వెనుక మేమును గూర్చుందుము. ఈ మనవిని సభవారు తీర్మానముగా నంగీకరింతురని నమ్ముచు, మా ప్రసంగమును ముగించుచున్నాము.