పరుపు లోపల ఏముంది?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. దూది ఏకి పరుపులు కుట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి. మా నాయన భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగేవాడు. ఇంటివారి అరుగు మీదే, వారి దూదినే, వారి కళ్లెదుటే ఏకేవాడు. అందుచేత పరుపులో ఏముందని అడిగే అవసరం ఎవరికీ రాలేదు. తర్వాత విల్లు పోయి మిషను వచ్చింది. పని అరుగు మీద నుంచి షాపుకు మారింది. అప్పుడు పుట్టింది ఈ ప్రశ్న.

సిగ్గుపడవలసిన సంగతి ఒకటి మనవి చేస్తాను. కొన్నేళ్ల కిందట దూది బేలు ఒకటి కొన్నాను. పైన తెల్లగా ఉంది. లోపల చూడకుండానే ఒక పెళ్లివారికి పరుపు కుట్టి ఇచ్చాను. ఏడాది తిరక్కుండా గడ్డలు కట్టింది. పెళ్లికూతురి తల్లి దాన్ని ఆటోలో వేయించుకొచ్చి నా ముందే కుట్లు విప్పింది. లోపల రంగురంగుల గుడ్డపీలికలు, దారపు ముక్కలు! “నీ మాట నమ్మి కొన్నాం గదా సాయిబూ” అన్నది. అంతే. డబ్బు తిరిగిచ్చాను గాని ఆ వీధి నుంచి మళ్లీ బేరం రాలేదు.

ఈ జబ్బు మనకొక్కరికే వచ్చింది కాదు. ఇంగ్లండులో పాత గుడ్డలు చింపి, ఉతక్కుండానే పరుపుల్లో కూరేవారు. దానిని అరికట్టుటకు అక్కడ 1911లో చట్టం చేశారు. ఆ పీచును నీటిలో కడిగి, అందులోని ఉప్పును కొలిచేవారు. లక్ష పాళ్లకు క్లోరిన్ 30 పాళ్లు మించరాదని నియమం ఉండేది. చెమట, మురికి ఉన్నచోట ఉప్పు ఉంటుంది గదా! 1951లో మరింత విస్తారమైన చట్టం వచ్చింది.

అమెరికాలో అనేక రాష్ట్రాలు పరుపుకు చీటీ తప్పనిసరి చేశాయి. లోపల ఏ సరుకు నూటికి ఎంత బరువున్నదో, అది కొత్తదో, వాడినదో అందులో రాయాలి. కొన్నవాడు తప్ప ఆ చీటీని మరెవరూ తీయరాదు.

మన దేశంలో 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం ముందుగా కట్టి అమ్మే సరుకు మీద తయారీదారు పేరు, చిరునామా, ధర ఉండాలి. మనం అడిగినవారికి అడిగినట్టు కుట్టి ఇచ్చే పరుపు అలాంటి ప్యాకెట్టు కాదు. అయితే మాత్రం చెప్పనక్కరలేదా? సరుకు నాణ్యత, స్వచ్ఛత తెలుసుకొనుట కొనేవారి హక్కని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం చెబుతున్నది. బూరుగు దూది తేలిక, నీరు తొందరగా పీల్చదు. పత్తి దూది బరువు, చెమట పీలుస్తుంది. పైన గుడ్డ కుట్టేశాక రెండూ కంటికి ఒక్కటే. తెలిసినవాళ్లం మనమే చెప్పాలి.

వేస్టు దూది వాడటం తప్పా అని కొందరు సోదరులు అడిగారు. తప్పు కాదు. పేదవాడికి తక్కువ ధరలో పరుపు కావాలి. శుభ్రం చేసి, ఫలానాదని చెప్పి, దానికి తగ్గ ధరకు అమ్మితే వ్యాపారం. దాచి అమ్మితే మోసం. ప్రవక్త (స.అ.సం) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలిందట. తడిసినదాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని వర్తకుణ్ణి మందలించారని హదీసులో ఉన్నది. మన పరుపుకు ఇంతకన్నా దగ్గరి పాఠం ఏముంది?

కనుక నా మనవి ఒక్కటే. ప్రతి పరుపు అంచున ఒక గుడ్డచీటీ కుడదాం. ఏ దూది, ఎన్ని కేజీలు, కొత్తదా పాతదా, కుట్టిన తేదీ, షాపు పేరు. ఇంతే. “పాత దూది 8 కేజీలు తిరిగి ఏకినది, కొత్త బూరుగు దూది 2 కేజీలు కలిపినది” అని తెలుగులో రాస్తే చాలు. మనం రాయాలంటే ముందు బేలు విప్పి చూడాలి. ఆ పని నేను ఆనాడే చేసివుంటే ఈ కథ ఉండేది కాదు.

“చీటీ పెట్టనివాడు చవగ్గా అమ్ముకుపోతాడు గదా” అంటారు. నిజమే. ఒక్కడు పెడితే నష్టపోతాడు. అందుకే సంఘంగా పెట్టాలంటున్నాను. ఫోము పరుపుల కంపెనీలతో ప్రకటనల్లో మనం పోటీపడలేం. నమ్మకంలో పడగలం. మన షాపుకు వచ్చినవారు పరుపు నొక్కి చూడటం మాని చీటీ చదివే రోజు రావాలి.

మొదటి చీటీ నా షాపులోనే కుట్టాను. చూడదలచినవారు వచ్చి చూడవచ్చును. సెలవు.