సంకల్పం ఒక్కటే చాలదు

చూపో కాలో అయినవాళ్లో పోయాక కూడా కళను వదలనివారిని ‘ఎంత ఆత్మబలం!’ అని మెచ్చుకుంటాం. అది సగం నిజం. ఆ మాట అనేశాక మనం చేయాల్సిందేమీ మిగలదు కనుక అది మనకు సుఖంగానూ ఉంటుంది. కళ సాగడానికి కళాకారుడి పట్టుదల ఎంత అవసరమో, చుట్టూ ఉన్నవాళ్లు కల్పించే వీలూ అంతే అవసరమని నా వాదన.

ఈ ఊరి తెలుగు కుటుంబాల్లో చాలామంది పెద్దలు రైల్వే వర్క్‌షాపు పనికోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చారు. ఆ రైలు దారినే వెనక్కి వెళితే, అలాంటి వీలు కల్పించిన విజయనగరం. అక్కడ 1919లో మహారాజా విజయరామ గజపతి సంగీత కళాశాల తెరిచింది తన కొలువులోని చాగంటి జోగారావు కొడుకు గంగరాజు కోసం. ఆ కుర్రాడికి చూపు లేదు, పాటంటే ప్రాణం. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. చిన్ననాటి నుంచీ చూపు మందగించిన ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడే వయొలిన్ ఆచార్యులై, 1936లో అధ్యక్షులయ్యారు. ఘంటసాల చదివిందీ ఆ బడిలోనే. ఒక్క పిల్లవాడి కోసం తెరిచిన తలుపు ఎందరికి దారి ఇచ్చిందో చూడండి.

వీలు దొరికితే కళ రూపం కూడా మార్చుకుంటుంది. శాంతినికేతన్ చిత్రకారుడు బినోద్ బిహారీ ముఖర్జీకి 1956లో కంటి ఆపరేషన్ వికటించి, ఉన్న కాస్త చూపూ పోయింది. రంగు చేతికి తెలియదు. కాగితం మడత తెలుస్తుంది, కత్తిరించిన అంచు తెలుస్తుంది. ఆయన కాగితం కత్తిరింపులకు మళ్లారు. వాటి ఆధారంగానే 1972లో, ఇతరుల చేతిసాయంతో, కళాభవన్ గోడమీద పలకల చిత్రం వెలిసింది.

వర్క్‌షాపు ఊరి పిల్లలు మీరు, మీకు మరో సంగతి చెప్పాలి. 1981 ప్రమాదం తర్వాత నర్తకి సుధా చంద్రన్ కాలు తీసేయాల్సి వచ్చింది. ఆమె నటించిన ‘మయూరి’ సినిమాను మనం చూశాం, ఆమె పట్టుదలకు చప్పట్లు కొట్టాం. ఆమె మళ్లీ ఆడిన కృత్రిమ పాదం చేసినవాళ్లను తలుచుకున్నామా? విదేశీ నమూనా కృత్రిమ పాదం బూటుతో నడిచేవాళ్ల కోసం చేసింది. దానితో వట్టికాళ్లతో తిరగలేం, గొంతుక్కూర్చోలేం. జైపూర్‌లో రామచంద్ర శర్మ అనే హస్తకళాకారుడు, డాక్టర్ పి.కె. సేథి కలిసి రబ్బరు, చెక్కలతో మన నేలకు, మన కూర్చునే తీరుకు తగిన పాదం తయారుచేశారు. ఆ అడుగు కింద ఒక పనివాడి చెయ్యి ఉంది.

బీథోవెన్ చెవుడొచ్చాక ఒంటరిగానే సంగీతం రాయలేదా అని ఎవరైనా అడగవచ్చు. ఆయన గదిలో మాటలు రాసి చూపడానికి నోటుపుస్తకాలుండేవి. మెల్జెల్ అనే యంత్రకారుడు చేసిచ్చిన వినికిడి గొట్టాలుండేవి. అంతటి మేధావికీ తోడు కావలసివచ్చింది.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం మరొకటి ఉంది. పోగొట్టుకున్నవాళ్లంతా మళ్లీ లేచి ఆడితీరాలా? అక్కర్లేదు. దుఃఖంలో కళను పక్కన పెట్టే స్వేచ్ఛ ఎవరికైనా ఉండాలి, దాన్ని ఓటమి అనకూడదు. కానీ వేదికకు మెట్లు తప్ప మరో దారి లేక, బడి చేర్చుకోక, నేర్పే ఓపిక గురువుకు లేక ఆగిపోయినవారిని ‘వాళ్లే మానేశారు’ అనడానికి వీల్లేదు. ఆ వేదికలు కట్టేదీ, ఆ బడులు నడిపేదీ ఇకమీదట పట్టాలు అందుకున్న మీరే.