హాలీ సిక్కా – కలదారు: రెండు రూపాయల వృత్తాంతము

(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్య, వివాహము, విద్యార్థి వసతిగృహము మున్నగు విషయములను గూర్చి ప్రాజ్ఞులు ముందే ప్రసంగించియున్నారు. మేము ధనమును గూర్చి, అందును ఒక్క పేరు గల రెండు ధనములను గూర్చి విన్నవింపదలచితిమి. నల్లగొండ, మహబూబునగర ప్రాంతములలో పెద్దలనాటి కాగితములను విప్పి చూచువారికి హాలీ సిక్కా రూపాయలనియు, కలదారు రూపాయలనియు రెండు మాటలు కానవచ్చును. నేటి యువకులు రెండింటిని రూపాయి యనియే చదువుదురు. అట్లు చదివినచో లెక్క తప్పును. లెక్కతోపాటు దాత యుద్దేశమును తప్పును.

రూపాయి యను మాటకు మూలము సంస్కృతమందలి రూప్య శబ్దము. ముద్ర కొట్టబడినది యను నర్థమున నీ పదము సిద్ధించు విధమును పాణిని మహర్షి తన వ్యాకరణమున విధించియున్నాడు. ముద్ర యెవరిదో, లోహమెంతయో తెలిసిననే గాని రూప్యము విలువ తెలియదని యీ వ్యుత్పత్తియే మనకు బోధించుచున్నది.

మన ప్రాంతమున ముద్రలకు కొదువ లేకుండెను. పూర్వము గద్వాల సంస్థానమునను, వనపర్తి సంస్థానమునను, నారాయణపేటయందును నాణెములు ముద్రింపబడెను. 1857 పిమ్మట నిజాము ప్రభుత్వము మొగలు చక్రవర్తి పేరు తొలగించి తన నాణెమును ముద్రించెను. అదియే హాలీ సిక్కా. హాలీ యనగా ఇప్పటిదని యర్థము. ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలమున చార్మినారు బొమ్మతో యంత్రముపై ముద్రించిన రూపాయి వెలువడెను. ఏడవ నిజాము కాలమున నీ నాణెమునకే ఉస్మానియా సిక్కా యని పేరు వచ్చెను. ఆంగ్ల ప్రభుత్వపు రూపాయిని జనులు కలదారనిరి.

ఈ రెండింటి తారతమ్యము వెండిలో నున్నది. కలదారు తూకము 180 గ్రెయినులు. అందు మేలి వెండి 165 గ్రెయినులు. చార్మినారు రూపాయి తూకము సుమారు 172½ గ్రెయినులు. అందు మేలి వెండి సుమారు 141 గ్రెయినులు. ఈ రెంటిని పోల్చినచో ఏడు సిక్కాలు ఆఱు కలదారులకు సరియగును. కావుననే నూఱు కలదారులకు 116 రూపాయల 10 అణాల 8 పైల సిక్కా యని లెక్క నిలిచెను. చిల్లరలోను భేదము కలదు. రెండు చోట్లను పదియాఱణాలే రూపాయి. కాని ఆంగ్ల పైసలు నాలుగు చేరిన అణా యగును, సిక్కాలో రెండు పైల బిళ్ళలు ఆఱు చేరిన గాని అణా కాదు.

ఇంత స్పష్టమైన లెక్క యుండగా బాధ యెచట నుండెనందురా? బజారునందు. కోదాడ దాటి జగ్గయ్యపేటకు పోవువానికిని, తుంగభద్ర దాటి కర్నూలికి పోవువానికిని చేతి రూపాయి మార్చక గడవదు. మారకమున సరాఫు పట్టుకొను తరుగునకు బట్టా యని పేరు. మన ఆముదపు గింజలు వెలుపలికి పోవునపుడు కొనువారు సిక్కా కొఱకు వత్తురు గాన సిక్కా ప్రియమగును. ఉప్పునకును, బట్టకును సొమ్ము వెలుపలికి పంపవలసినపుడు కలదారు ప్రియమగును. లెక్క యెఱిగినవాడు అదను చూచి మార్చును. ఎఱుగనివాడు అవసరము చూచి మార్చును. బట్టా భారము రెండవవానిపై బడును.

ఋణపత్రములలో నీ భేదము మఱింత తీక్ష్ణము. ఏడువందల సిక్కా యప్పు ఆఱువందల కలదారులతో తీరును. పత్రమున రూపాయలని మాత్రమే వ్రాసి, వసూలు నాడు ఏడువందల కలదారు లడిగినచో, ఋణస్థుడు నూఱు కలదారులు వృథాగా చెల్లించిన వాడగును. ఒక్క పదము వ్రాయకుండుటచే కలిగెడి నష్ట మింత.

వెండి యొక్కటియే విలువను నిలుపదని కూడ చరిత్ర చూపినది. 1893లో ఆంగ్ల ప్రభుత్వము ప్రజలు తెచ్చిన వెండిని తన టంకశాలలలో నాణెములుగా ముద్రించుట మానెను. అంతట కలదారు తనలోని వెండి విలువను మించి నిలిచెను. వెండినే నమ్ముకొనిన నాణెము లట్లు నిలువజాలవయ్యెను. 1918 శాసనముచే హైదరాబాదున కాగితపు నోట్లు వచ్చెను. వానిపై ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడ లిపులలోను విలువ ముద్రింపబడెను. 1941లో హైదరాబాదు స్టేట్ బ్యాంకు స్థాపింపబడి నాణ్యవ్యవహారమును చేపట్టెను.

1947 తుదియందు నిజాము ప్రభుత్వము భారత రూపాయి తన సీమలో చెల్లదని యాజ్ఞాపించినది. ఢిల్లీతో నడచిన వివాదములలో నిదియు నొకటి. కాని సరిహద్దు గ్రామములవారికది నిత్యజీవన సమస్య. 1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశమున కలిసెను. పిమ్మట భారత రూపాయి ఏడింటికి ఆఱను లెక్కపైననే ప్రవేశించెను. 1950 దశకమున సిక్కా క్రమముగా తొలగిపోయెను. 1957 ఏప్రిల్ 1 నుండి దశాంశ పద్ధతి వచ్చి అణాలును పోయెను.

ఇక మన కర్తవ్యమును విన్నవింతుము. పెద్దలెవరైన పేద విద్యార్థుల భోజనమునకై 1,400 సిక్కా రూపాయలు నిధిగా నుంచిరని యనుకొందము. ఏడింటికి ఆఱు చొప్పున నది 1,200 రూపాయలు. పుస్తకమున 1,200 అని మార్చి వ్రాసి, ధర్మము నెఱవేరినదందుమా? ఆ మొత్తముతో నేడొక బాలునికి నెల దినములైన అన్నము పెట్టజాలము. మారకపు లెక్క నాణెమును మార్చును గాని, కాలము హరించిన విలువను తిరిగి తేజాలదు. దాత యిచ్చినది అంకె కాదు, అన్నము. ధర్మకర్తలు నిలుపవలసినది సంకల్పము. అంకె దానికి సాధనము మాత్రమే.

కావున మూడు మనవులు చేయుచున్నాము. ఇండ్లలోని దానపత్రములను, ఋణపత్రములను పాఱవేయక సంఘమునకు చూపి ప్రతులు వ్రాయింపుడు. ప్రతి పత్రమున నేది యే రూపాయియో ప్రక్కన స్పష్టముగా గుఱుతింపుడు. నిధి పెట్టిన ప్రతి ధర్మమునకును నేటి వ్యయమెంతయో యేటేట లెక్కించి, కొఱత యెంతయో మహాసభ ముందుంపుడు. పోషకు లా కొఱతను పూరించినచో, పూర్వుల దానము మరల సజీవమగును.

రెండు రూపాయలు పోయి ఒక్క రూపాయి మిగిలినది. ఏమఱుపాటు గలవానికి ఆ ఒక్క రూపాయియు నిన్న యొకటి, నేడు మఱొకటి. ఈ సంగతిని మన బాలబాలికలకు లెక్కలతోపాటు నేర్పుదురు గాక యని ప్రార్థించుచు, సెలవు తీసికొనుచున్నాము.