బీరువాలో పేరు, బజారులో పేరు

(ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో భాగంగా జరిగిన తల్లిదండ్రుల, పూర్వవిద్యార్థుల సమావేశంలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి శుభవేళ పాఠశాల ఘనతను గురించి మాట్లాడుట ఆనవాయితీ. ఆ పనిని నాకంటె చక్కగా చేయగల పెద్దలు వేదికపై ఉన్నారు. నేను మాత్రం మన పాఠశాల చేసిన ఒక పొరపాటును, దాని నుండి నేర్చుకొన్న పాఠాన్ని మీ ముందు ఉంచదలచినాను. డెబ్బదియైదేండ్ల సంస్థకు తన తప్పును నలుగురిలో ఒప్పుకొనే ధైర్యం ఉండవలెనని నా నమ్మకం.

మా కార్యాలయంలో ఒక ఇనుప బీరువా ఉన్నది. పూర్వవిద్యార్థులకు అది గుర్తుండే ఉంటుంది. మొదటి సంవత్సరం నుండి నేటివరకు గల అడ్మిషన్ రిజిస్టర్లన్నీ అందులోనే ఉన్నవి. పిల్లవాని పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, పుట్టిన తేదీ, చివరకు ఎడమ చెంపపై ఉన్న పుట్టుమచ్చ కూడా వాటిలో వ్రాసి ఉన్నది. టి.సి. కావలసినవారు స్వయంగా వచ్చి, అర్జీ వ్రాసి, సంతకం చేసి తీసుకొనేవారు. ఆ బీరువా తాళపుచెవి ఒక ప్రధానోపాధ్యాయుని చేతి నుండి మరొకరి చేతికి వస్తూ, ఇప్పుడు నా దగ్గరకు చేరినది. దానిని నా చేతిలో పెట్టిన మా గురువుగారు, “అమ్మా, ఇవి కాగితాలు కావు, అప్పగింతలు” అన్నారు. ఆ మాట అర్థం కావడానికి నాకు చాలాకాలం పట్టినది.

కొన్నేండ్ల క్రితం విద్యార్థివేతనం లభించిన పిల్లల జాబితాను పాఠశాల వెబ్‌సైటులో పెట్టితిమి. ఉద్దేశం మంచిదే. ఎవరికి ఎంత వచ్చినదో నలుగురికీ తెలియవలెనని అనుకొంటిమి. అయితే పేరు, తరగతులతోపాటు తల్లిదండ్రుల పేర్లు, ఊరు, సెల్‌ఫోను నంబరు కూడా అందులో చేరిపోయినవి. బీరువాకు వేసిన తాళం వేసినట్లే ఉన్నది. లోపలి పేర్లు మాత్రం బజారున పడినవి.

మరుసటి సంవత్సరం ఒక తండ్రి నా గదికి వచ్చినాడు. పట్టుపురుగులు పెంచుకొనే రైతు. శిడ్లఘట్టలో గూళ్ళు అమ్మిన డబ్బు బ్యాంకులో ఉంచుకొన్నాడు. బిడ్డకు విద్యార్థివేతనం మరొక విడత వచ్చినదని, ఫోనుకు వచ్చిన అంకెలు చెప్పవలెనని ఎవరో ఫోను చేసినారట. చెప్పినాడు. 18,000 రూపాయలు పోయినవి. “మేడమ్, వాడు నా బిడ్డ పేరు చెప్పె, తరగతి చెప్పె, దాని తల్లి పేరు కూడా చెప్పె. మీ ఇస్కూలు వాళ్ళే అనుకొంటిని” అన్నాడు.

ఆ మాటకు నా వద్ద జవాబు లేకపోయినది. ఉపాధ్యాయులమందరం కలసి కొంత సొమ్ము ఇవ్వబోతే, ఆయన చేతులు వెనక్కు తీసుకొన్నాడు. “డబ్బు వద్దు మేడమ్. ఆడబిడ్డ పేరు అందులోనుంచి తీసేయండి, చాలు” అన్నాడు.

జాబితాను ఆ రోజే తీసివేసితిమి. పని అయిపోయినదని అనుకొంటిమి. కాని నెల తరువాత కూడా ఆ బిడ్డ పేరు వ్రాసి గూగుల్‌లో వెదికితే ఫోను నంబరుతో సహా కనబడుచునే ఉన్నది. మరొక సైటువారు మా జాబితాను యథాతథంగా ఎత్తి వారి పుటలో పెట్టుకొన్నారు. పేరును బజారున పెట్టడానికి ఒక్క నిమిషం పట్టినది. వెనుకకు తెచ్చుకొనడానికి నాలుగు నెలలు పట్టినది.

ఇక్కడ కొందరు పెద్దలకు ఒక సందేహం కలుగవచ్చు. పల్లెలో అందరికీ అందరూ తెలుసును కదా, పేరు, ఊరు దాచుకొనవలసిన రహస్యాలా అని. నిజమే. మన పల్లెలో ఎవరి ఇల్లు ఎక్కడో, ఎవరి బిడ్డ ఎక్కడ చదువుచున్నదో అందరికీ తెలుసును. కాని అక్కడ మనలను ఎరిగినవానిని మనమూ ఎరుగుదుము. వాడు తప్పు చేస్తే రచ్చకట్ట వద్ద నిలదీయగలము. అంతర్జాలంలో మనలను ఎరిగినవాడు మనకు కనబడడు. వెనుకటి టెలిఫోను డైరెక్టరీలోనూ పేర్లు, చిరునామాలు ఉండేవి. అయితే పేరు తెలిసినవానికే అందులో నంబరు దొరికేది. నేడు నంబరు కొట్టితే పేరు, పేరు కొట్టితే ఊరు, ఊరి వెంట బంధువుల పేర్లు బయటపడుచున్నవి. ఒక్కొక్కటి చిన్న వివరమే. అన్నీ ఒకచోట కూడినప్పుడే మోసగానికి ఆయుధమగుచున్నవి.

ఈ విషయంలో మన రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానం ముందుకు ఒక తండ్రి వెళ్ళిన సంగతి మీకు చెప్పవలెను. తన కుమార్తె గతంలో నడిపిన ఒక వ్యాజ్యం రాజీతో ముగిసినది. కాని ఆమె పేరుతో వెదికినవారికి ఆ తీర్పు కనబడునని, దానివలన ఆమె కాపురానికి, గౌరవానికి భంగం కలుగునని ఆ తండ్రి భయపడినాడు. 2017 జనవరిలో కర్ణాటక ఉన్నత న్యాయస్థానం ఆయన మొరను ఆలకించినది. అంతర్జాలంలో వెదికినప్పుడు ఆ స్త్రీ పేరు కనబడకుండ చూడవలసినదిగా తన రిజిస్ట్రీని ఆదేశించినది. ధ్రువప్రతి కోరినవారికి మాత్రం పేరు యథాతథంగా ఉండునన్నది. ‘మరపు పొందే హక్కు’ అనే భావన మన దేశపు న్యాయస్థానాలలో వినబడిన తొలి సందర్భాలలో ఇది ఒకటి. శిడ్లఘట్ట గూళ్ళ రైతు, ఆ తండ్రి అడిగినది ఒక్కటే కోరిక.

అదే సంవత్సరం ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా, వ్యక్తిగత గోప్యత రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యాన్ని 2012లో వేసినవారు కర్ణాటక ఉన్నత న్యాయస్థానపు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామిగారు. ఎనుబది దాటిన వయస్సులో ఆయన ఆ పనికి పూనుకొన్నారు. పిమ్మట 2023లో పార్లమెంటు వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టాన్ని చేసినది. 2025 నవంబరులో దాని నియమావళి వెలువడినది. సంస్థలపై ఉన్న ముఖ్యమైన బాధ్యతలు నియమావళి వెలువడిన పదునెనిమిది నెలలకు, అనగా 2027 మే నెలలో అమలులోకి వచ్చునట్లు నిర్ణయించినారు. తాను ఇచ్చిన వివరాలను సవరించుమని, చెరిపివేయుమని కోరే హక్కు ఆ చట్టం పౌరునికి ఇచ్చుచున్నది. పదునెనిమిదేండ్లు నిండని పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండవలెనన్నది. ఒక్క మాట మాత్రం మరువరాదు. మనంతట మనమే బహిరంగపరచిన వివరాలకు ఆ చట్టపు అండ లేదు. ముఖపుస్తకంలో మనమే పెట్టుకొన్న ఫోను నంబరుకు చట్టం కావలి కాయదు.

చట్టం మాట అట్లుండగా, మనం చేయగల పనులున్నవి. ఆ బిడ్డ పేరు కోసం మేము తిరిగిన దారినే వరుసగా చెప్పుచున్నాను.

మొదటిది, వెదకి చూచుకొనుట. మీ పేరును ఊరితో కలిపి ఒకసారి, ఫోను నంబరును ఒకసారి గూగుల్‌లో వెదకండి. పిల్లల పేర్లతో కూడా చూడండి. ఎక్కడెక్కడ ఏమి కనబడినదో ఒక నోటుపుస్తకంలో తేదీతో వ్రాసి ఉంచండి.

రెండవది, మూలాన్ని పట్టుకొనుట. వివరం ఎక్కడ పుట్టినదో అక్కడికే వ్రాయవలెను. అది బడి కావచ్చు, సంఘం కావచ్చు, పెండ్లి సంబంధాల సైటు కావచ్చు. మర్యాదగా, క్లుప్తంగా, ఏ పుటలో ఏ పంక్తి తీసివేయవలెనో చెప్పి వ్రాయండి. నకలు దాచుకొనండి. మా జాబితాను ఎత్తుకొన్న సైటువారు మొదటి రెండు ఉత్తరాలకు పలుకలేదు. మూడవదానికి తీసివేసినారు. పెండ్లి కుదిరిన తరువాత సంబంధాల సైటులోని ఖాతాను మరచిపోయేవారు అనేకులు. దానిని రద్దు చేయించుట మరువకండి.

మూడవది, గూగుల్‌కు వ్రాయుట. ఊరి దారి చూపే బల్లను పీకివేసినంత మాత్రాన ఊరు మాయం కాదు. గూగుల్ ఆ బల్ల వంటిది. 2014 మే నెలలో ఐరోపా న్యాయస్థానం ఒక స్పెయిను దేశస్థుని విషయంలో చేసినది ఇదే. 1998 నాటి వేలం ప్రకటన పత్రికలో ఉండిపోయినది. ఆయన పేరుతో వెదికితే అక్కడికి దారి చూపవద్దని మాత్రం గూగుల్‌ను ఆదేశించినది. కనుక మూలంలో తీసివేయించుటే ప్రధానం. అక్కడ తీసివేసిన తరువాత కూడా పాత నీడ కనబడుచున్నచో, గడచిపోయిన పుటను తొలగించుమని గూగుల్‌ను కోరుటకు ఒక అర్జీ ఉన్నది. మా బిడ్డ పేరు చివరకు చెరిగిపోయినది దానితోనే. మూలమే వినకపోయినప్పుడు, ఫోను నంబరు, ఇంటి చిరునామా కనబడే ఫలితాలను తీసివేయుమని కోరే అర్జీని గూగుల్ 2022 నుండి స్వీకరించుచున్నది.

నాలుగవది, నంబరుకు పేరు చెప్పే యాప్‌లు. ట్రూకాలర్ అందరికీ తెలిసినదే. అది 2009లో స్వీడన్‌లో పుట్టినది. మోసపు ఫోన్లను గుర్తించుటకు ఇటువంటివి ఉపయోగపడుచున్న మాట నిజం. అయితే ఆ యాప్ వాడనివారి పేర్లు కూడా వాటిలో ఉండవచ్చును. వద్దనుకొన్నవారు ముందుగా యాప్‌లో తమ ఖాతాను రద్దు చేసి, తరువాత ఆ సంస్థ వెబ్‌సైటులో ‘అన్‌లిస్ట్’ అనే పుటలో 91తో సహా తమ నంబరు ఇచ్చి తొలగింపు కోరవచ్చును. ఇక ఏ కొత్త యాప్ అయినా మీ ఫోనులోని పరిచయాల పట్టికను అడిగినప్పుడు ఒక్క క్షణం ఆగండి. అందులో ఉన్నవి మీ వివరాలు కావు, మీ బంధుమిత్రుల వివరాలు.

అమెరికాలో స్థిరపడిన మన పూర్వవిద్యార్థులకు ఈ బెడద మరింత ఎక్కువ. అక్కడ స్థిరాస్తి పత్రాలు, ఓటర్ల జాబితాలు, వ్యాపార సంస్థల లెక్కలు కలిపి మనుషుల వివరాలను అమ్మే సైట్లు అనేకం. ఒక్కొక్క సైటుకు విడివిడిగా అర్జీ పెట్టవలెను. కొన్ని నెలలకు పేరు మరల మొలచుట కద్దు. కాలిఫోర్నియా రాష్ట్రం మాత్రం 2023లో చేసిన చట్టం ప్రకారం, ఒక్క అర్జీతో నమోదైన వ్యాపారులందరినీ కోరే ఏర్పాటును 2026 జనవరిలో ప్రారంభించినది. ఆ రాష్ట్రంలో ఉన్నవారు దానిని వినియోగించుకొనవలెను.

తీసివేయించలేనివి కూడా కొన్ని ఉన్నవి. ఓటర్ల జాబితా, పొలం పహణి, న్యాయస్థానాల తీర్పులు సాధారణంగా బహిరంగంగానే ఉండును. భూమి ఎవరిదో, ఓటు ఎవరిదో నలుగురూ సరిచూచుకొనుట వ్యవస్థకు అవసరం. కనుక అన్నీ దాచవలెనని నేను అనుట లేదు. అవసరం ఉన్నచోట ఉండవలెను, అవసరం తీరినచోట తొలగిపోవలెను. అంతే.

అన్ని జాగ్రత్తలు తీసుకొన్నా ఎవరైనా మోసపోయినచో, సిగ్గుపడి దాచుకొనవద్దు. ఆ క్షణమే 1930కి ఫోను చేయండి. ఆ రైతు నాలుగు రోజులు ఎవరికీ చెప్పుకొనలేక ఊరకున్నాడు. గంటలలో చెప్పి ఉంటే సొమ్మును ఆపే అవకాశం కొంతైనా ఉండేది.

చివరగా ఈ సంచికను గురించి ఒక మాట. పూర్వవిద్యార్థులందరి చిరునామాలు, ఫోను నంబర్లు ఇందులో అచ్చువేసి, సంచికను వెబ్‌సైటులో కూడా ఉంచవలెనని సంఘంలో ప్రతిపాదన వచ్చినది. ఒకరినొకరు కలుసుకొనవలెననే ఆ ఆపేక్షను నేను గౌరవించుచున్నాను. అయినను సంఘ సభ్యులను వేడుకొని, ఆ జాబితాను పేరు, చదువు ముగించిన సంవత్సరంతోనే ఆపించితిని. అది అచ్చుప్రతిలోనే ఉండును, వెబ్‌సైటుకు ఎక్కదు. పేరు కూడా వద్దన్నవారి పేరు వేయలేదు. మిత్రుని నంబరు కావలసినవారు కార్యాలయానికి వ్రాస్తే, ఆ మిత్రుని అడిగి, ఆయన సరేనన్న పిమ్మట తెలుపుదుము. కొందరికి ఇది చాదస్తంగా తోచవచ్చును. పేజీలు తగ్గినవని అచ్చువారు సంతోషించినారు, సంఘంలో కొందరు మిత్రులు నొచ్చుకొన్నారు. వారిని క్షమించుమని కోరుచున్నాను.

నేను మరికొన్ని సంవత్సరాలలో పదవీవిరమణ చేయుదును. ఆ రోజున బీరువా తాళపుచెవితోపాటు వెబ్‌సైటు సంకేతపదాన్ని కూడా నా తరువాతివారి చేతిలో పెట్టవలసి ఉన్నది. రెండింటినీ ఇచ్చుచు, మా గురువుగారు నాతో అన్న మాటనే వారితోనూ అందును.

ఆ బిడ్డ ఇప్పుడు చింతామణిలో పి.యు.సి. చదువుచున్నది. మొన్న ఆమె తండ్రి చెల్లెలిని మన బడిలోనే చేర్చినాడు. ఫారంలో ఫోను నంబరు వ్రాయుచు తల ఎత్తి నావైపు చూచినాడు. నేను, “బీరువాలోనే ఉండునయ్యా” అన్నాను. ఆయన వ్రాసినాడు.

ఆ నమ్మకానికి మన పాఠశాల ఎల్లప్పుడూ తగినదై ఉండుగాక అని కోరుకొనుచున్నాను.