ఏడుపు మానిన బిడ్డ

సాయంకాలం వేళ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి పోతే, బల్లలపై వంగి చదువుకొనే యువతీయువకులు కనిపిస్తారు. అశోక్‌నగర్‌లోను, నారాయణగూడలోను అద్దె గదులలో ఉంటూ ఉద్యోగ పరీక్షలకు సిద్ధమయ్యే వీరిలో నర్సింగు చదివిన ఆడపిల్లలూ ఉంటారు. వారి పుస్తకాలలో తప్పక కనిపించే పాఠం ఒకటి ఉన్నది: మానవుని పెరుగుదల, వికాసం. ఎరిక్సన్ దశలు ఎనిమిది, పియాజే దశలు నాలుగు అని వల్లె వేస్తారు. పరీక్ష గట్టెక్కడానికి అది చాలును. కాని జబ్బుపడిన బిడ్డ మంచం పక్కన నిలిచిననాడు ఆ పాఠం ఏ విధంగా ఉపకరిస్తుంది? ఇది నర్సులకే కాదు, పిల్లలున్న ప్రతి ఇంటికీ సంబంధించిన ప్రశ్న.

ముందుగా ఆ రెండు మాటలకు గల భేదం. పెరుగుదల తూకానికి, కొలతకు అందుతుంది. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ అయిదారు నెలలకు రెట్టింపు, ఏడాదికి దాదాపు మూడింతలు తూగుతుంది. వికాసం అట్లా తూకానికి లొంగదు. మెడ నిలపడం, బోర్లపడడం, కూర్చోవడం, నడవడం, మాట నేర్వడం, ఇవన్నీ వికాసానికి గుర్తులు. మన పెద్దలు వీటిని ఎరుగనివారు కారు. బోర్లపడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు పంచిపెట్టారు. ఫలానా నెలలోనే అని గడువు పెట్టలేదు. బిడ్డ ఆ మెట్టు ఎక్కిననాడే పండుగ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన ప్రమాణాలు కూడా ఇందుకు దూరం కావు. ఆరోగ్యవంతులైన శిశువులలో కొందరు 8 నెలలకే ఆసరా లేకుండా నడుస్తారు. కొందరికి 18 నెలలు సమీపిస్తాయి. పొరుగింటి బిడ్డతో పోల్చుకొని తల్లి దిగులు పడనక్కరలేదు. ఆ హద్దు కూడా దాటితే మాత్రం వైద్యునికి చూపవలసినదే.

పెరుగుదల జన్మతోనే నిర్ణయమైపోయేది కాదనడానికి మనకు చేరువలోనే నిదర్శనం ఉన్నది. 1987 నుండి 1990 వరకు హైదరాబాదు సమీపంలోని 29 గ్రామాలలో జాతీయ పోషకాహార సంస్థ ఒక పరిశీలన జరిపింది. 15 గ్రామాలలో గర్భవతులకు, ఆరేళ్ళలోపు పిల్లలకు అదనపు ఆహారం అందింది. తక్కిన 14 గ్రామాలలో అందలేదు. ఆ పిల్లలు 13 నుండి 18 ఏళ్ళ వయసువారైన పిదప కొలిచి చూస్తే, ఆహారం అందిన గ్రామాలవారు సగటున 14 మిల్లీమీటర్లు అధికంగా పెరిగి ఉన్నారు. తల్లి కడుపులో ఉన్ననాడు, పసితనంలో తిన్న ఆ పిడికెడు తిండి యౌవనంలో కనిపించిందన్నమాట.

ఇక మనస్సు సంగతి. రెండు నుండి ఏడేళ్ళ లోపు బిడ్డ కార్యకారణాలను పెద్దల వలె తర్కించలేదని పియాజే చెప్పాడు. “అల్లరి చేస్తే సూది వేయిస్తా” నని మనం ఇళ్ళలో బెదిరిస్తూనే ఉంటాము. నిజంగా జ్వరం వచ్చి సూది వేయించిననాడు, అది తన అల్లరికి శిక్ష అని ఆ పసిమనస్సు నమ్మితే తప్పెవరిది? “ఇది శిక్ష కాదమ్మా, జ్వరం తగ్గడానికి” అని చెప్పగలిగిన నర్సు పియాజేను చదివినట్టే. ఎరిక్సన్ 1950లో ప్రకటించిన గ్రంథంలో మొదటి మెట్టు నమ్మకం. పిలిస్తే పలికే మనిషి ఉన్నదన్న ధైర్యమే తక్కిన మెట్లకు పునాది.

ఈ మాటను నేను ఆలస్యంగా గ్రహించాను. శిక్షణలో ఉన్న రోజులలో ఒక వార్డులో రెండేళ్ళ బిడ్డ ఉండేది. తల్లిని నియమిత వేళలలోనే లోనికి రానిచ్చేవారు. బిడ్డ రెండు రోజులు గుక్కపట్టి ఏడ్చింది. మూడవనాడు ఏడుపు మానింది. “బిడ్డ కుదుటపడినది” అని నేను సంతోషంగా వ్రాసుకొన్నాను. ఆ సాయంకాలం తల్లి వచ్చి చేతులు చాచగా, బిడ్డ గోడవైపు మొగం తిప్పుకొన్నది.

చాలాకాలం తరువాత జేమ్స్ రాబర్ట్‌సన్ పరిశోధనను గురించి చదివాను. ఇంగ్లండులో ఆసుపత్రులలో తల్లికి దూరమైన పసివారిని చూచి ఆయన మూడు దశలు చెప్పాడు: ముందు ప్రతిఘటన, పిదప నిరాశ, ఆపైన విముఖత. మనం కుదుటపడడమని భ్రమించేది నిజానికి ఆశ వదులుకోవడం. 1952లో ఆయన తీసిన చిత్రం చూచి వైద్యులు, నర్సులు పలువురు ఆగ్రహించారు. అయినా 1959లో అక్కడి ప్లాట్ సంఘం, తల్లిదండ్రులను వేళలతో నిమిత్తం లేకుండా బిడ్డ వద్దకు రానివ్వాలని, పసిబిడ్డతోపాటు తల్లినీ ఆసుపత్రిలో ఉండనివ్వాలని సిఫారసు చేసింది. ఒక సిద్ధాంతం వార్డు తలుపులు తెరిపించింది.

కాబట్టి గ్రంథాలయంలో దశలను వల్లె వేస్తున్న సోదరీమణులకు నా మనవి ఒక్కటే. దశల పేర్లు పరీక్ష కోసం నేర్వండి; వాటి అర్థం బిడ్డ కోసం నేర్వండి. ఏడ్చే బిడ్డ ఇంకా మనలను పిలుస్తూనే ఉన్నది. ఏడుపు మానిన బిడ్డ దగ్గర మరొక్క నిమిషం నిలిచి చూడండి.