స్వామి జ్ఞానానందుల విద్యార్థి దశ



వేటపాలెమున 1918లో స్థాపితమైన సారస్వతనికేతనము మొదలు ఏ గ్రంథాలయమందైనను వేదాంతగ్రంథము లొక బీరువాలోను, భౌతికశాస్త్రగ్రంథములు వేరొక బీరువాలోను ఉంచుట ఆచారము. ఆ రెండు బీరువాలకును చెందిన మహనీయులొకరు మన తెలుగునాట నుండిరి.

నేటి పశ్చిమ గోదావరి జిల్లాలో, భీమవరము చేరువనున్న గొరగనమూడి గ్రామమున 1896లో జన్మించిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగారే పిమ్మట స్వామి జ్ఞానానందులైరి. యౌవనమున ఇల్లు విడిచి హిమాలయములలో యోగాభ్యాసము చేసిరి. 1927లో తమ ‘పూర్ణసూత్రముల’ను ప్రకటింపగోరి జర్మనీ చేరి, అచ్చట యోగమును గూర్చి ఉపన్యసించిరి.

కథ ఇచ్చటనే ముగిసినచో ఆశ్చర్యము లేదు. విదేశములకేగి వేదాంతము చెప్పి పూలమాలలతో మరలివచ్చినవారు పెక్కుమంది. స్వాములవారు మాత్రము డ్రెస్డెను నగరమున అయిన్‌స్టైను సాపేక్షసిద్ధాంతముపై ఆసక్తి గలిగి, గురుపీఠము దిగి శిష్యుల వరుసలో కూర్చుండిరి. అప్పటికి వయస్సు ముప్పది దాటినది, గణితము, భౌతికశాస్త్రము నేర్వవలసియుండెను, అదియు పరభాషలో. కాషాయధారికి పరీక్షాపత్రము వ్రాయుటకంటె ఆశీర్వచనము పలుకుట సులభము గదా!

ప్రేగులోని చార్లెస్ విశ్వవిద్యాలయమున ఎక్సురే వర్ణపటములను పరిశోధించి 1936లో డాక్టరు పట్టమందిరి. తరువాత ఇంగ్లండున లివర్పూలులో, న్యూట్రానును కనుగొనిన చాడ్విక్ పండితుని శాలలో బీటా కిరణములపై కృషి చేసిరి. ఇవి పరమాణుకేంద్రమునుండి వెలువడు ఎలక్ట్రానులు. అయస్కాంతక్షేత్రమున పోవునపుడు వంగును; వేగము హెచ్చినకొలది వంపు తగ్గును. ఆ వంపును గొలిచి వాని శక్తిని లెక్కింతురు. దారిలో గాలి యున్నచో దాని యణువులను తాకి చెదరిపోవును, లెక్క తప్పును. కావున పాత్రలోని గాలిని తోడివేయవలెను. ఇట్టి తోడుయంత్రమును 17వ శతాబ్దమున నిర్మించి చూపినవాడు జర్మనీలోని మాగ్డెబర్గు నగరాధ్యక్షుడు ఓటో వాన్ గెరికె. గాలి తీసివేసిన పాత్రలో గంట మ్రోగించినను వినబడదు. శబ్దము ఆకాశగుణమని చదువుకొనిన మన తార్కికుల కిది యిబ్బందియే! ఈ శూన్యసాధన విద్యపై స్వాములవారు ఆంగ్లమున రచించిన ‘హై వాకువా’ అను గ్రంథము 1947లో అమెరికాలో అచ్చయ్యెను.

స్వదేశము చేరి, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలయందు పనిచేసి, 1954లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చిరి. 1956లో పరమాణుకేంద్ర భౌతికశాస్త్రమునకు వేరు శాఖ యేర్పడగా దానికి అధ్యక్షులైరి. తాము ప్రేగు, లివర్పూలు వరకు పోయి నేర్చినది విశాఖపట్టణముననే తెలుగు పిల్లలకు అందుబాటులోనికి వచ్చెను. స్వాములవారు 1969లో దివంగతులైరి. ఆ పరిశోధనశాలకు వారి పేరే పెట్టిరి.